నోటిలో ఐదేళ్ళు, కాగితంలో ఆరేళ్ళు

హెబ్డెన్ గుర్రం పెదవిని బొటనవేలితో ఎత్తి మూడోసారి చూశాడు. మూడోసారీ అదే లెక్క వచ్చింది.

కింది దవడలో ముందువరుస చివరి పన్ను గవ్వలా ఉంది. బయటి అంచు పైకి లేచింది గానీ లోపలి అంచు ఇంకా అంతెత్తుకి రాలేదు. అంటే ఐదేళ్ళు. ఆరు దాటిన గుర్రానికి ఆ పన్ను మిగతావాటితో సమంగా అరిగిపోతుంది. వయసు తగ్గించి చూపించడానికి కొందరు ఎర్రగా కాల్చిన ఊచతో పంటి మీద గుంట పెడతారు. ఆ గుంట చుట్టూ గోధుమరంగు మచ్చ పడుతుంది. ఇక్కడ అలాంటి మచ్చ ఒక్కటీ లేదు.

గుర్రం పేరు కాండిల్‌మస్. ఫిబ్రవరి రెండున, కొవ్వొత్తుల పండుగనాడు పుట్టిందని ఆ పేరు పెట్టారు. ఈ వేసవిలోనే మొదటిసారి పందేలకు దిగి బెవర్లీలోనూ రిపన్‌లోనూ గెలిచింది. ఇవాళ నాలుగింటికి యార్క్ మైదానంలో ఐదేళ్ళ గుర్రాల పందెం ఉంది. దానికి దీని పేరు కూడా రాశారు. చిక్కల్లా ఒక్కటే. దాని పుట్టుక కాగితంలో 1750 ఫిబ్రవరి 2 అని ఉంది. ఇది 1756 ఆగస్టు.

"ఇంకా ఎన్నిసార్లు చూస్తారు? చూసినకొద్దీ పళ్ళు పెరుగుతాయా?" అన్నాడు వెనక నుంచి కరూథర్స్.

నినియన్ కరూథర్స్ లాయరు. వయసు ముప్ఫై లోపే. ఈ పందేల పెద్దల్లో మొదటివాడైన సర్ మైల్స్ థార్న్‌బరో అతన్ని ఎడిన్‌బరో నుంచి ప్రత్యేకంగా పిలిపించాడు. హెబ్డెన్ అలా ఎవరూ పిలిపిస్తే వచ్చినవాడు కాదు. పదిహేనేళ్ళు సైన్యంలో గుర్రాలకు నాడాలు కొట్టి, వైద్యం చేసి, ఇప్పుడు యార్క్‌లో స్థిరపడ్డాడు. గుర్రం విషయంలో ఎవరికి అనుమానం వచ్చినా అతనికే కబురు పెడతారు.

"ఐదేళ్ళు. ప్రమాణం చేసి చెప్తాను" అన్నాడు హెబ్డెన్ చేతులు తుడుచుకుంటూ.

"నాకు కావలసిందీ అదే. కాగితంలో పిల్లకి ఆరేళ్ళు దాటాలి. ఈ గుర్రానికి ఐదే. కనుక కాగితంలో ఉన్న పిల్ల ఇది కాదు. అసలు పిల్ల చచ్చిపోయి ఉంటుంది. దాని చోట రిడ్స్‌డేల్ వారి లాయంమనిషి ఆమస్ ఇంకోదాన్ని తెచ్చిపెట్టాడు. అతనికి పిల్లను అమ్మినట్టు చెప్పేవాడు ఒక్కడూ లేడు. అంటే దొంగిలించి తెచ్చాడు."

"కథ చక్కగా అల్లారు."

"వెక్కిరించకండి. కాగితంలో దీని తల్లి గ్రే మాడ్జ్. దాని కొడుకంటే మాటలా? కెల్బీ అరబ్బీ గుర్రానికి పుట్టిన కూతురది. మాడ్జ్ తరవాత సర్ మైల్స్ గారి చేతికి వచ్చింది, ఆయన మగగుర్రం వజీర్ దాని కడుపునే పుట్టింది. ఈ వసంతంలో వజీర్‌కి కట్టించడానికి కౌంటీ నలుమూలల నుంచి డెబ్బై ఆడగుర్రాలు వచ్చాయి. వాళ్ళంతా వజీర్ కాళ్ళు చూసి వచ్చారా? దాని తల్లి పేరు చూసి వచ్చారు. గుర్రం అంటే కాగితమండీ."

"కాగితాన్ని నాలుగు మైళ్ళు పరిగెత్తించి చూపించండి, ఒప్పుకుంటాను."

కరూథర్స్ గడియారం తీసి చూశాడు. "తొమ్మిదింబావు. పెద్దలు ఒంటిగంటకి కూర్చుంటారు. అప్పటికి మీ దగ్గర వేరే సమాధానం లేకపోతే ఆమస్ థాక్రేని కోటలో ఖైదు చేస్తారు. గుర్రం దొంగకి ఏ శిక్షో మీకు తెలుసు."

యార్క్‌లో పాలు తాగే పిల్లకైనా తెలుసు. ఉరి.

*

ఆమస్‌ని జీనులు పెట్టే గదిలో ఉంచారు. తలుపు దగ్గర బంట్రోతు ఒకడు స్టూలు మీద కూర్చున్నాడు. లోపల ముసలాయన ఓట్స్ రొట్టెను పలచటి బీరులో ముంచుకుని మెల్లగా చప్పరిస్తున్నాడు.

"నా నోరు కూడా చూస్తావా బాబూ? రెండే ఉన్నాయి. తొందరగా అయిపోద్ది" అన్నాడు.

హెబ్డెన్ ఎదురుగా పెట్టె మీద కూర్చున్నాడు. "పెద్దాయనా, ఆ కాగితం రాసింది నువ్వేనా?"

"నేనే. పిల్ల ఒళ్ళు ఇంకా తడారకముందే, ఆ పాకలోనే రాశా. రిడ్స్‌డేల్ దొర పక్కనే నిలబడి దీపం పట్టుకున్నాడు."

"1750 అని రాశావు."

"ఆ ఏడు 1750 అయితే అదే రాస్తాను గదయ్యా. రాబోయే ఏడు రాస్తానా?"

"మరి దీని పళ్ళు ఐదేళ్ళు అంటున్నాయి."

"ఐదేళ్ళే. నేను కాదన్నానా?"

"రెండూ ఎలా నిజమవుతాయి?"

ఆమస్ అతన్ని జాలిగా చూశాడు. చదువుకున్నవాళ్ళు తనని ఆటపట్టిస్తున్నారని అనుకున్నట్టున్నాడు. "ఎలా అవుతాయో మీకే తెలియాలి. కాగితం నిజం, గుర్రం నిజం. అంతకంటే నేను చెప్పను."

"గ్రే మాడ్జ్‌ని సర్ మైల్స్ తోలుకుపోయిన రోజుకి ఈ పిల్ల ఎంత ఉంది?"

రొట్టె పట్టుకున్న చెయ్యి ఆగింది.

"అది మాత్రం అడగొద్దు. పోయిన దొరకి మాటిచ్చాను."

"ఆ మాట కోసం మెడ ఇస్తావా?"

"డెబ్బై రెండేళ్ళ మెడ. ఎవడికి పనికొస్తది?" అని, రొట్టెను పక్కన పెట్టేసి మళ్ళీ అన్నాడు. "నా సంగతి కాదు బాబూ. నేను దొంగనైతే కాండిల్‌మస్ దొంగసొత్తు అయిపోద్ది. అమ్మగారి దగ్గర్నుంచి లాక్కుపోతారు. ఎవడి కొట్టంలో కట్టేస్తారో ఏమో. దాన్ని ఈ చేత్తో పెంచాను."

"నీ చేత్తోనా? తల్లి లేదా?"

ఆమస్ గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

*

రిడ్స్‌డేల్ వారి లాయం మైదానానికి దక్షిణంగా మైలున్నర దూరం. హెబ్డెన్ చేరేసరికి పదకొండు కావస్తోంది. ఇంటి యజమానురాలు, రిడ్స్‌డేల్ దొర భార్య, తలుపు దాకా వచ్చి, "ఏది కావాలన్నా చూసుకోండి. ఆమస్‌ని మాత్రం నాకు తెచ్చివ్వండి" అని లోపలికి వెళ్ళిపోయింది.

గుర్రాలు ఈనే పాక లాయం చివర ఉంది. పొడవు పన్నెండడుగులు, వెడల్పూ అంతే. నేల మీద పాత గడ్డి. తొట్టి ఎత్తు మామూలే. తల్లిని కట్టే ఇనుప రింగు ఒకటి. ఇవన్నీ ఏ పాకలో చూసినా ఉండేవే.

ఉండకూడనిది ఒకటే కనిపించింది. మూలగా, గోడకు ఆనించి మందపాటి చెక్కబల్ల. ఎత్తు రెండడుగులు. కాళ్ళు నేలలోకి పాతి ఉన్నాయి. ఒకవైపు ఎక్కడానికి వాలుగా ఇంకో చెక్క కొట్టారు. మనిషి కూర్చోడానికైతే వాలుచెక్క అక్కర్లేదు. జీను పెట్టుకోడానికైతే పాతక్కర్లేదు.

హెబ్డెన్ మోకాళ్ళ మీద కూర్చుని గడ్డితో బల్లను తుడిచాడు. చెక్క మీద చిన్న చిన్న గాట్లు కనిపించాయి. జంటలు జంటలుగా, రెండు వేళ్ళంత వెడల్పున. చీలిన గిట్టలు. గుర్రానివి కావు, దూడవి కావు. బల్ల పైన గోడ రాయి మీద ఒక నున్నటి మరక ఉంది. ఏదో జంతువు రోజూ ఒళ్ళు రాసుకున్న జిడ్డు. దాని మధ్య రెండు తెల్లటి వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

బయట కుండల చప్పుడు. పాలగది నుంచి ఒక లావుపాటి ఆడమనిషి వస్తోంది. పేరు కెజయ. ఇరవై ఏళ్ళుగా ఈ ఇంట్లో వెన్న తీసేది ఆమే.

"అక్కా, ఈ బల్ల మీద మేకని ఎవరు నిలబెట్టారు?"

కెజయ కుండ కింద పెట్టింది. "ఆమస్ చెప్పాడా?"

"బల్లే చెప్పింది."

"అయితే నేను చెప్పినా తప్పులేదు. నేనెవరికీ మాటివ్వలేదు" అంది ఆమె, ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నట్టు. "మేక నాది. బల్లెక్కించి నిలబెడితే, పిల్ల కింద నుంచి మూతి పెట్టి తాగేది. రోజుకి ఎనిమిదిసార్లు. నా మేక ఆ వేసవికి ఎముకలగూడు అయిపోయింది. ఆమస్ దానికి బార్లీ జావ కాచిపోసేవాడు, నాకెప్పుడూ అంత మర్యాద చెయ్యలేదు."

"కాండిల్‌మస్‌కేనా పాలిచ్చింది?"

"ఇంకెవరికి? తల్లిని తోలుకుపోయారు. పిల్లకి ఏడు వారాలు. వదిలేస్తే చచ్చేది."

హెబ్డెన్ జేబులోంచి చీటీ తీశాడు. గ్రే మాడ్జ్ చేతులు మారిన తారీకు పందేల పుస్తకం నుంచి రాసుకున్నదే. 1751 మార్చి 25. "అక్కా, జాగ్రత్తగా ఆలోచించు. పిల్ల పుట్టింది 1750 ఫిబ్రవరి. తల్లి వెళ్ళింది 1751 మార్చి. మధ్యలో ఏడాదీ రెండు నెలలు. ఏడు వారాలెలా అవుతాయి?"

"ఏడాది ఏమిటి బాబూ? ఫిబ్రవరి తరవాత మార్చే గదా వచ్చింది. తల్లిని తోలుకుపోయింది కొత్త సంవత్సరం రోజున. నాకు బాగా గుర్తు, ఆ రోజే నా జీతం ఇంకో ఏడాదికి మాట్లాడుకున్నా."

"కొత్త సంవత్సరం జనవరిలో..."

"ఇప్పుడు జనవరిలో" అంది కెజయ. "అప్పుడు మార్చి ఇరవై ఐదు. ఆ పార్లమెంటు దొరలకి పనిలేక మార్చారు గానీ. నువ్వు ఈ దేశంలో లేవా ఏం?"

హెబ్డెన్ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు.

అతను ఈ దేశంలోనే పుట్టాడు. నలభై ఏళ్ళు మార్చి ఇరవై ఐదునే ఏడాది మార్చాడు. డిసెంబరు తరవాత జనవరి, ఫిబ్రవరి వచ్చినా పాత ఏడాదే రాసేవాడు. 1750 డిసెంబరు తరవాత వచ్చింది 1750 జనవరి, 1750 ఫిబ్రవరి. మార్చి ఇరవై ఐదున 1751 మొదలైంది. ఆ ఏడాదే పార్లమెంటు చట్టం మార్చింది, 1752 నుంచి జనవరి ఒకటే ఏడాదికి మొదలైంది. నాలుగున్నరేళ్ళ కొత్త అలవాటు నలభై ఏళ్ళ పాత అలవాటును పూర్తిగా కప్పేసింది. అందరూ ఆ కాగితాన్ని ఇవాళ్టి కళ్ళతో చదివారు. ఆమస్ ఒక్కడే రాసిన రోజు కళ్ళతో చదివాడు.

అతనికి నవ్వొచ్చింది. కాగితమూ నిజమే. గుర్రమూ నిజమే.

"మరి మీ దొర ఆమస్ దగ్గర మాట ఎందుకు తీసుకున్నాడు?"

కెజయ గొంతు తగ్గించింది. "పేకాటలో మాడ్జ్‌ని పోగొట్టుకున్నాడుగా. సర్ మైల్స్ దొర 'చూడిగుర్రం, కడుపులో పిల్లతో సహా నాదే' అన్నాడట. మా దొర సరేనన్నాడు. పేకాట నాటికే అది ఈని మూడు రోజులు, తోలుకుపోవడం మాత్రం కొత్త సంవత్సరానికి. ఇంటికొచ్చి పడీపడీ నవ్వాడు. పిల్లని మాత్రం ఎవరికీ చూపించొద్దన్నాడు. పాలు మానేదాకా ఈ పాకలో, తరవాత నాలుగేళ్ళు పైన కొండ పచ్చికలో దాచారు. పిల్ల పుట్టిన ఏడాది చలికాలమే దొర పోయాడు. ఆమస్ ఆ మాటనే పట్టుకుని కూర్చున్నాడు."

హెబ్డెన్ పాలగదిలోనే కాగితం, కలం అడిగి తీసుకున్నాడు. నిలబడే రాశాడు. 'పందేల పెద్దలకు. పాత లెక్కలో 1750 ఫిబ్రవరి అంటే ఇప్పటి 1751 ఫిబ్రవరి. తల్లి వెళ్ళిన రోజుకి పిల్లకి ఏడు వారాలే. సాక్షులున్నారు. ఆమస్ థాక్రే నిర్దోషి.' మైదానానికి వెన్న పట్టుకెళ్ళే బండివాడి చేతికిచ్చాడు. అప్పుడు పదకొండూ నలభై. ఒంటిగంటకు ఇంకా చాలా సమయం ఉంది. కెజయ ఇచ్చిన రొట్టే జున్నూ తీరిగ్గా తిన్నాడు.

*

పన్నెండూ పదికి కరూథర్స్ ఒంటిగుర్రపు బండిలో దిగాడు. "ఇక్కడ దాక్కున్నారా? మీకోసం మైదానమంతా తిరిగాను."

"రండి లాయరు గారూ. మేకబల్ల చూపిస్తాను."

హెబ్డెన్ గిట్టల గాట్లు చూపించాడు. కెజయ చెప్పిందంతా చెప్పాడు. లాయరు మొదట పెదవి విరిచాడు. "మార్చిలో కొత్త సంవత్సరమా? తమాషా చేస్తున్నారా?"

"మీ ఊళ్ళో లేదా?"

"మా స్కాట్లాండులో మా ముత్తాత కాలం నుంచీ జనవరి ఒకటే. మీ దగ్గరా అంతే అనుకున్నాను."

"మీరు తప్ప ఇక్కడ ఇరవై దాటిన ప్రతివాడికీ తెలుసు. గుర్తుచేస్తే చాలు."

కరూథర్స్ బల్ల దగ్గర వంగి, వేలితో ఒక గాటు తడిమి చూశాడు. ఓడిపోయిన కోపం అతని ముఖంలో కాసేపే ఉంది. తరవాత అక్కడ వేరే ఏదో వచ్చింది. లేచి నిలబడ్డాడు గానీ, గాటు మీంచి చూపు తియ్యలేదు.

"అంటే మాడ్జ్ కాండిల్‌మస్‌ని ఈనింది, మీరన్నట్టు, నిజంగా 1751 ఫిబ్రవరి రెండున."

"అవును."

"వజీర్ కాగితం నేనే చదివాను. పుట్టింది 1751 ఏప్రిల్ ఇరవై. అది మార్చి తరవాత కనుక పాత లెక్కయినా కొత్త లెక్కయినా ఒకటే, కదా?"

"ఒకటే" అన్నాడు హెబ్డెన్. అనగానే అతని నోట్లో జున్ను రుచి పోయింది.

"ఇన్నాళ్ళూ ఆ రెండు కాగితాల మధ్య పద్నాలుగు నెలలు ఉన్నాయని అందరూ అనుకున్నారు. పద్నాలుగు నెలల్లో గుర్రం రెండుసార్లు ఈనగలదు. ఇప్పుడు మీరు దాన్ని పదకొండు వారాలు చేశారు." కరూథర్స్ మాటలు నెమ్మదయ్యాయి. "గుర్రం ఎన్నాళ్ళు మోస్తుంది?"

"పదకొండు నెలలు."

"అయితే సర్ మైల్స్ తోలుకుపోయింది వట్టి కడుపు గుర్రాన్ని. మరి వజీర్‌ని ఎవరు కన్నారు?"



డెబ్బై ఆడగుర్రాలు, అనుకున్నాడు హెబ్డెన్. వచ్చే వసంతానికి డెబ్బై పిల్లలు. ప్రతి పిల్ల కాగితం మీదా గ్రే మాడ్జ్ పేరు. అన్నీ ఊరూపేరూ లేని ఏదో తల్లి మనవలు. పేకాటలో మోసపోయానని నలుగురిలో ఒప్పుకోలేక సర్ మైల్స్ వేరే పిల్లకి మాడ్జ్ పేరు తగిలించాడు. కాండిల్‌మస్ కొండ మీద ఉన్నన్నాళ్ళూ ఎవరికీ పట్టలేదు. ఈ ఏడాది అది ఐదేళ్ళ గుర్రంగా పందేలకు దిగింది. ఏడాది లెక్క ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు వేస్తారు. దానికి ముందే దాన్ని మాడ్జ్ బిడ్డ కాకుండా చేసెయ్యాలి.

"యార్క్‌లో ఇంతమంది లాయర్లుండగా ఎడిన్‌బరో నుంచి నన్నెందుకు పిలిపించారా అని నెల రోజులుగా పొంగిపోతున్నాను" అన్నాడు కరూథర్స్.  "నాకు మీ మార్చి సంగతి తెలియదని."

"పెద్దలకు వచ్చే ఉత్తరాలు ఎవరు విప్పుతారు?"

"సర్ మైల్స్. ఎందుకు?"

"వెన్నబండి చేతికి ఒక చీటీ ఇచ్చి అరగంట అయింది."

 ఇద్దరూ బండెక్కారు. కరూథర్స్ కొరడా పట్టుకోవడం చూసి హెబ్డెన్ పగ్గాలు లాక్కున్నాడు. "పక్కకి జరగండి. మీరు నడిపితే రేపు చేరతాం."

"కాండిల్‌మస్ కాగితం ఎక్కడుంది?" అని అడిగాడు దారిలో.

"పొద్దున నేనే ఆయన చేతిలో పెట్టాను."

"ఇక మిగిలింది బల్ల, మేక, కెజయ మాట. పిల్ల పుట్టినప్పుడు పక్కన ఉండి, రాసి, ప్రాణంతో ఉన్నవాడు ఒక్కడే."

కరూథర్స్ తల తిప్పి అతన్ని చూశాడు. 

*

పన్నెండూ నలభైకి జీనుల గది ముందు ఆగారు. తలుపు బార్లా తెరిచి ఉంది. బంట్రోతు స్టూలు మీద లేడు. ఎండలో గోడకానుకుని చుట్ట తాగుతున్నాడు. వీళ్ళను చూసి నవ్వుతూ లేచాడు.

"మీ చీటీ బ్రహ్మాండంగా పనిచేసింది హెబ్డెన్ గారూ. సర్ మైల్స్ దొరగారు చదివిన వెంటనే స్వయంగా వచ్చారు. కేసు కొట్టేశామన్నారు. ముసలాయన చెయ్యి పట్టుకుని క్షమాపణ కూడా అడిగారు. అంత పెద్దమనిషి, చూడండి."

"ఆమస్ ఎక్కడ?" అన్నాడు హెబ్డెన్.

"ఈ వయసులో నడిపిస్తామా, ఇంటి దగ్గర దింపుతామని దొరగారు తన బండే తెప్పించారు. ఇద్దరు మనుషుల్ని తోడిచ్చారు. తలుపు కూడా ఆయనే వేశారు. ముసలాయన పుట్టి బుద్ధెరిగాక నాలుగు గుర్రాల బండెక్కలేదట. కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉన్నాడు పాపం, మలుపు తిరిగేదాకా."

"ఏ మలుపు?"

ఆమస్ ఇల్లు రిడ్స్‌డేల్ వారి లాయం వెనకే, మైదానానికి దక్షిణంగా ఉంది. ఆ దారినే వీళ్ళిప్పుడు వచ్చారు. ఎదురుగా బండి ఏదీ రాలేదు.

బంట్రోతు చుట్ట ఉన్న చేతిని ఉత్తరం వైపు, ఇళ్ళు లేని బీడుభూముల దారి వైపు చాపాడు.